అమ్మ లేని చోటికి

ఫిబ్రవరి 3

విశాఖ ఆసుపత్రి నుంచి మా ముసలాణ్ణి ఇంటికి తీసుకొచ్చేశాను. మళ్ళీ తీసుకురావద్దన్నారు. పుండు అంగిలంతా తినేసి నాలుక వెనక్కి పాకిందట, కోసినా లాభం లేదట. ఏం అలవాట్లని డాక్టరు అడిగాడు. చుట్ట అన్నాను. చుట్టకి ఇలా పైన అంగిట్లో రాదే అన్నాడు. అడ్డపొగ అని చెప్పాను. మావాళ్ళు నిప్పున్న కొసని నోట్లో పెట్టుకుని తాగుతారు, మా అత్త అలా తాగుతూనే ఊడుపులు ఊడుస్తుంది. డాక్టరు ఈ వైపు మనిషి కాదనుకుంటాను, నన్ను వింతగా చూశాడు.

బతుకంతా నోట్లో నిప్పు పెట్టుకు తిరిగినవాడు ఇప్పుడు గుక్కెడు నీళ్ళు మింగలేడు. అరుగు మీద మంచం వేశాను. దూది తడిపి పెదాల మధ్య పిండాలి. పిండుతున్నాను. ఎందుకు పిండుతున్నానో నాకే తెలీదు.

ఫిబ్రవరి 5

మాట పోతోంది. నీళ్ళు పుక్కిలిస్తున్నట్టు గుడగుడమని శబ్దం వస్తుంది, అంతే. రావికమతం నుంచి మా మేనత్త అప్పలనరసమ్మ వచ్చింది. తమ్ముడి నోటి దగ్గర చెవి పెట్టి చాలాసేపు విని, ఒక్క ముక్క తెలియలేదంది. నాకు తెలుస్తుంది. ఈ నోట్లోంచి ఎప్పుడు ఏం ఊడిపడుతుందోనని చిన్నప్పటి నుంచీ కాచుకుని బతికినవాణ్ణి. పెదవి కదలకముందే తెలుస్తుంది. అమ్మకి నాకంటే బాగా తెలిసేది.

అత్త మంచం పక్కనే చతికిలబడి అడ్డపొగ ముట్టించింది. ఆయన్ని చూశాక కూడా మానవా అని అడిగాను.

"ఆడికొచ్చిందని నాకూ వస్తాదేటిరా. ఆడు దేవుణ్ణి తిట్టేడు, అందుకొచ్చింది."

ఏ దేవుణ్ణి అన్నాను.

"ఏ దేవుడైతే ఏటి, తిట్లు తిట్లే కదా."

ముసలాడు కళ్ళు మూసుకుని ఆ పొగని పీల్చుకుంటున్నాడు.

ఫిబ్రవరి 6

మెకానిక్ షెడ్డులో నాలుగు బళ్ళు ఇంజను విప్పి పడున్నాయి. ఓనరు సెలవివ్వడు. అడగలేదు కూడా. ఇంటి దగ్గర కంటే గ్రీజులోనే బాగుంది.

ఫిబ్రవరి 8

ముసలాడు ఇవాళ అమ్మ పుస్తకం చదవమన్నాడు.

సరిగ్గా వినలేదేమో అనుకున్నాను. మళ్ళీ అన్నాడు. "మీయమ్మ సదువుకునేది కదరా. అది సదువు."

ఇదే మనిషి ఒకసారి ఆ వాక్యం పుస్తకాన్ని, అమ్మ బైబిలుని, పొయ్యిలో తోశాడు. అమ్మ చేత్తోనే బయటికి లాగింది. తరవాత చాలా రోజులు ఎడమచేత్తో అన్నం కలుపుకుంది.

నేను ఎనిమిదితో బడి మానేశాను. అమ్మ పోయాక ఆ గ్రంథం మొదటి పుట నుంచి చివరి పుట దాకా కూడబలుక్కుని చదివాను. భక్తితో కాదు. ఆ దేవుడు ఎక్కడైనా ఒంటరిగా దొరికితే నాలుగు అడుగుదామని. అందుకే ఏది ఎక్కడుందో నాకు తెలుసు. ముసలాడికి అక్షరం ముక్క రాదు. నేను ఏది చదివితే అదే వాక్యం.

ధనవంతుడి కథ తీశాను. బతికినన్నాళ్ళూ మేలైనవి తిని, గుమ్మంలో పుండ్లతో పడున్నవాణ్ణి పట్టించుకోని మనిషి. చచ్చి మంటలో పడ్డాడు. గుమ్మంలో పడున్నవాడు పైకి చేరాడు. నాలుక మండిపోతోంది, వేలికొసతో ఒక చుక్క పంపించండని ధనవంతుడు కింద నుంచి బతిమాలాడు. పంపలేదు. మధ్యలో దాటలేని గొయ్యి ఉందన్నారు.

చదవడం అయ్యాక ముసలాడు నాలుక కదిపాడు. నీళ్ళు. దూది నా పక్కన గిన్నెలోనే నానుతోంది. కాసేపు దాన్ని అలాగే నాననిచ్చాను.

ఫిబ్రవరి 9

నరకంలో చావని పురుగు గురించి చదివాను.

ఫిబ్రవరి 10

అగ్నిగుండం. ఆపకుండా రెండుసార్లు. మూడోసారి వద్దని చెయ్యి అడ్డం పెట్టాడు. చదివాను.

ఫిబ్రవరి 11

ఆదివారం. ప్రార్థన మందిరం మైకు ఇక్కడికి వినిపిస్తుంది. వినిపించినప్పుడల్లా నాకు ఆ రోజు గుర్తొస్తుంది. రాసుకోకపోయినా మరిచిపోను, అయినా రాస్తాను. చెయ్యి ఊరుకోవడం లేదు.

అమ్మ అచ్చియ్యమ్మ దొంగచాటుగా ఆ మందిరానికి వెళ్ళేది. తెలిసిన ప్రతిసారీ దెబ్బలు. బొట్టు తీసేస్తే ఈయన పట్టుకుని పెట్టేవాడు, బొటనవేలితో, చర్మం ఎర్రగా కమిలేలా. బాప్తిస్మం తీసుకుంటానన్న పొద్దున తెల్లచీర కట్టుకుని బయల్దేరింది. జుట్టు పట్టి ఈడ్చుకెళ్ళి పశువుల సాలలో పడేసి తాళం వేశాడు. అటు మందిరంలో పాటలు పాడుతూనే ఉన్నారు, ఇటు ఈవిడ తలుపు కొడుతూనే ఉంది. చీకటి పడ్డాక కొట్టడం మానేసి అరిచింది. అమ్మకి చీకటంటే భయం. ఈయన తలుపుకి వీపు ఆనించి కూర్చుని చుట్ట తాగాడు. మర్నాడు సాయంత్రం తాళం తీశాడు. ఆ తరవాత ఆవిడ గడప దాటలేదు. ఆ వానాకాలమే జ్వరంతో పోయింది, నాలుగేళ్ళయింది.

పోయేముందు, నన్ను కాల్చకండిరా, మట్టిలో పెట్టండి అంది. నేను పరిగెత్తుకుంటూ వెళ్ళి పాస్టరు ప్రేమ్‌కుమార్ గారిని సమాధుల తోటలో చోటు అడిగాను. సంఘం పెద్దలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఆవిడ బాప్తిస్మం తీసుకోలేదు కదా బాబూ, కుదరదు అన్నారు పాస్టరు గారు. ఇంటికొచ్చేసరికి అత్త శవం ముఖాన రూపాయి కాసంత బొట్టు పెట్టేసింది. కొరివి నా చేతికిచ్చారు.

ఆరడుగుల మట్టి ఇవ్వనివాళ్ళు పైన చోటిస్తారా. నీళ్ళలో మునిగి బాప్తిస్మం తీసుకోనివాడికి పరలోక రాజ్యం లేదని ప్రతి ఆదివారం మైకులో చెబుతూనే ఉన్నారు. అమ్మ ఎక్కడుందో నేను ఇంకొకళ్ళని అడగక్కర్లేదు.

ఫిబ్రవరి 14

ముసలాడు వాక్యం వింటున్నాడని ఎవరు మోశారో, పాస్టరు గారు వచ్చారు. కుర్చీ లాక్కుని మంచం దగ్గర కూర్చున్నారు. చెవిటివాడితో మాట్లాడినట్టు ఒక్కో మాటా విడదీసి అడిగారు. పెదబాబు గారూ, ప్రభువుని నమ్ముతున్నారా, బాప్తిస్మం తీసుకుంటారా అని.

ముసలాడు వణుకుతూ రెండు చేతులూ జోడించాడు. "తీసుకుంటాను. తీసుకుంటానని సెప్పరా."

పాస్టరు గారు నా వైపు తిరిగారు. "ఏమంటున్నారు బాబూ?"

"వద్దంటన్నాడండి."

"దండం పెడుతున్నారు కదా?"

"మీకో దండం, నన్నొదిలెయ్యండి అంటన్నాడు."

ఆయన తల దించుకుని చిన్న ప్రార్థన చేసి వెళ్ళిపోయారు. ముసలాడి నోరు పోయింది గానీ చెవులు బాగానే ఉన్నాయి. అంతా విన్నాడు. ఇంతకంటే చిన్న తప్పుకి నన్ను బావి గిలక తాడుతో కొట్టినవాడు. ఇప్పుడు కోపం కూడా రాలేదు. అదే నాకు ఒళ్ళు మండించింది.

"ఎందుకురా" అన్నాడు.

షెడ్డుకి టైమైందని వెళ్ళిపోయాను.

ఫిబ్రవరి 15

చాలా రోజులకి ఒళ్ళు తెలీకుండా నిద్రపోయాను.

ఫిబ్రవరి 19

సిలువ మీది దొంగ కథ వచ్చేచోట రెండు పుటలు కలిపి తిప్పేశాను. బతుకంతా దోచుకుని, ఆఖరి గడియలో పక్క సిలువ మీదున్న ప్రభువుని ఒక్క మాట అడిగి పరలోకంలోకి దూరిపోయిన దొంగ. అమ్మ ఈ కథ చదివినప్పుడల్లా కళ్ళు తుడుచుకునేది. ఆ దొంగ ఎవరి ఇల్లు దోచాడో, ఎవరి తల పగలగొట్టాడో, వాళ్ళని ఎవరైనా అడిగారా, వీణ్ణి వదిలెయ్యమంటారా అని? దెబ్బ ఒకడిది, క్షమించేది ఇంకొకడా. దేవుడికి అంత దయ ఉంటే మా దెబ్బలు ఏమైనట్టు?

నరకం ఉండాలి. నాకు దేవుడి మీద నమ్మకం ఉందో లేదో తెలీదు గానీ నరకం మీద ఉంది.

ఫిబ్రవరి 22

భయం పట్టుకుంది ముసలాడికి. కునుకు పడితే ఉలిక్కిపడి లేస్తున్నాడు. ఆ మంట ఎంతకాలం ఉంటుందని అడిగాడు.

"ఎప్పటికీ."

ఎప్పటికీ అంటే ఎంత అన్నాడు. పొలం తప్ప ఇంకో లెక్క తెలీదు ఈయనకి. ఫ్యాక్టరీ గేటు ముందు చెరుకు బండి మీద కూర్చుని వంతు కోసం చూసేవాడివి కదా, ఎండలో, చెరుకు ఎండిపోతుంటే తిట్టుకుంటూ. ఆ వంతు ఎన్నటికీ రాకపోతే ఎలా ఉంటుందో అదీ అని చెప్పాను.

అర్థమైంది. ముఖం చూస్తే తెలిసింది.

అత్త విని, "ఒరే దిలీపూ, సచ్చిపోతన్న మనిషికి అదేం సదువురా, నాలుగు మంచి ముక్కలు సదవకూడదా" అని కసిరింది. ఇందులో ఉన్నవే చదువుతున్నాను అన్నాను. అబద్ధం కాదు.

ఫిబ్రవరి 25

ఇవాళ చెప్పేశాను.

మధ్యాహ్నం అత్త చెరువు వైపు వెళ్ళింది. పెదాలు తుడుస్తుంటే ముసలాడు నా మణికట్టు పట్టుకున్నాడు.

"మీయమ్మ పైనుంటాది. మంచిది అది. నా గురించి ఒక్క మాట సెప్పదంటావా?"

ఒక్క మాట. అమ్మ చేత. ఈయన కోసం. నా చేతిలో దూది నలిగిపోయింది. అరవలేదు, చాలా నెమ్మదిగా చెప్పాను.

"అమ్మ పైన లేదు. నువ్వు మునగనిచ్చేవేటి? సాలలో ఏసి తాళం పెట్టేవు కదా. మునగనోళ్ళకి అక్కడ సోటు లేదు. నువ్వెల్లబోయే కాడికి నీకన్నా ముందే ఎల్లిపోయింది. నువ్వే పంపేవు."

నా ముఖంలోకి చూశాడు. మణికట్టు వదిలేశాడు. గోడ వైపు తిరగాలని చూశాడు, శక్తి చాలలేదు. నేను తిప్పలేదు.

షెడ్డుకి వెళ్ళే దారిలో బండి మీద పాట పాడుకున్నాను. ఇన్నాళ్ళకి తగలాల్సిన చోట తగిలింది.

ఫిబ్రవరి 26

దూది పెడితే పళ్ళు బిగించాడు.

ఫిబ్రవరి 27

ఇవాళ కూడా. అత్త నన్ను తిట్టింది, నేనేం చేశాను.

ఫిబ్రవరి 28

పళ్ళు విడిచాడు. నీళ్ళ కోసం కాదు, మాట కోసం.

"పాస్టరొస్తే వద్దని సెప్పు. ఈసారి నిజింగానే వద్దు."

ఏం, ఎందుకు అన్నాను.

"అది ఒక్కత్తే ఉంది కదరా అక్కడ. దానికి సీకటంటే బయం. నానూ అక్కడికే ఎల్తాను."

ఇంకేదో అన్నాడు, శ్వాసతో కలిసిపోయింది. అడగలేదు.

ఆవిడకి చీకటంటే భయమని ఈయనకెలా తెలుసు? తలుపుకి వీపానించి కూర్చుని విన్నాడు కాబట్టి తెలుసు. ఆ నోటితోనే చెబుతున్నాడు. పైగా కళ్ళమ్మట నీళ్ళు. అవి నిజమైనవే, చూశాను. నిజమైతే ఏం?

ఫిబ్రవరి 29

చచ్చాక కూడా అమ్మని వదలడట.

మార్చి 1

రోజంతా ఒకటే ఆలోచన. క్లచ్ ప్లేట్లు తిరగేసి బిగించి ఓనరు చేత తిట్లు తిన్నాను.

నరకంలో అమ్మకి ఉన్నది మంట ఒక్కటే. ఈయన లేడు. బతికున్నప్పుడు దొరకని సుఖం ఆవిడకి అక్కడ అదొక్కటే దొరికింది. ఇప్పుడు ఈయన వెళ్తే అది కూడా పోతుంది. తోడుకి వస్తున్నానంటాడు. ఆ తోడు ఎలా ఉంటుందో నాకు తెలుసు, ఆవిడకి తెలుసు.

పంపను. అమ్మ ఉన్న చోటికి పంపను. అమ్మ లేని చోటు ఇంకొకటి ఉంది. తెల్లబట్టలు, పాటలు, వెలుగు. అక్కడ కూర్చోనీ, ఎప్పటికీ, ఒక్కడూ. ఈయనకి అంతకంటే పెద్ద శిక్ష గ్రంథంలో ఎక్కడా లేదు.

మార్చి 2

మా నాన్న ఒప్పుకున్నాడని నేనే వెళ్ళి పాస్టరు గారికి చెప్పాను. ఆయన సంతోషం చూడాలి. నా వెనకే బండెక్కి వచ్చేశారు.

మళ్ళీ అదే కుర్చీ, అదే ప్రశ్న. ముసలాడు తల అటూ ఇటూ ఊపాడు. "వద్దు. ఒరే, వద్దని సెప్పరా."

"ఏమంటున్నారు?"

"తీసుకుంటాను అంటన్నాడండి."

"తల అడ్డంగా ఊపుతున్నారే?"

"నొప్పికండి. పొద్దున్నించీ అంతే."

ఆయన ముసలాడి ఒళ్ళు తాకి చూశారు. ఈ స్థితిలో మనిషిని నీళ్ళలో దించడం మంచిది కాదు, నీళ్ళు చల్లి ప్రార్థన చేస్తాను, ప్రభువు హృదయాన్ని చూస్తాడు అన్నారు. నేను ఒప్పుకోలేదు. చల్లితే చెల్లదని మీరే మైకులో చెప్పారు, ముంచాల్సిందే అన్నాను. మా నాన్నకి అదే పట్టుదల అని కూడా కలిపాను. ఆయన కళ్ళు చెమర్చాయి. ఇంత విశ్వాసం తను చూడలేదన్నారు.

ముసలాడు నా వైపు చూస్తూనే ఉన్నాడు. ఆ చూపు నాకు కొత్త కాదు. సాల తలుపు సందులోంచి అమ్మ అలాగే చూసింది.

మార్చి 3, ఆదివారం

మందిరం వెనక సిమెంటు తొట్టి ఉంది. తెల్లవారకముందే మోటారు వేసి నింపారట, నీళ్ళు చల్లగా ఉన్నాయి. ఆటోలో తీసుకెళ్ళాను. అత్త గేటు దాకా వచ్చి లోపలికి రానంది. ఆడి నోరు పోయింది గానీ నీకు బుద్ధి పోయిందేటిరా అని అందరూ వినేలా తిట్టి, నడుచుకుంటూ వెళ్ళిపోయింది.

తెల్లపంచె చుట్టి నలుగురం దించాం. బండి సీటంత బరువు కూడా లేడు. నడుం వరకూ నీళ్ళు తగలగానే నా చొక్కా కాలరు పట్టుకున్నాడు. ఆ వేళ్ళలో ఇంకా అంత బలం ఉందని అనుకోలేదు. ముఖం నా ముఖానికి ఆనించాడు. ఆ వాసన.

"నిజిం సెప్పు. అది అక్కడే ఉందా? నన్నొక్కణ్ణీ ఏరే సోటికి తోసేస్తన్నావేట్రా?"

పాస్టరు గారు ఏమంటున్నారని అడిగారు.

"స్తోత్రం అంటన్నాడండి."

సంఘమంతా ఒక్క గొంతుతో స్తోత్రం అంది. ఆయన ముసలాడి వీపు కింద చెయ్యి వేశారు, నేను కాలరు మీంచి వేళ్ళు విప్పాను. వెనక్కి వంచి ముంచాం. పైకి లేపినప్పుడు నోట్లోంచి వచ్చిన నీళ్ళు ఎర్రగా ఉన్నాయి. అందరూ పాట ఎత్తుకున్నారు. ఒక పెద్దామె నా తల నిమిరి, ఇలాంటి కొడుకు ఎవరికుంటాడు అంది.

మార్చి 4

ఇంక నాతో మాట్లాడలేదు. పుస్తకం తీస్తే కళ్ళు మూసుకున్నాడు. ఇంక చదవాల్సింది కూడా ఏం లేదు.

మార్చి 5

పోయాడు. మధ్యాహ్నం. నేను షెడ్డులో ఉన్నాను.

మార్చి 6

సమాధుల తోటలో చోటిచ్చారు. మంచి చోటే, గోడ వారగా, చెట్టు నీడన. అడగకుండానే ఇచ్చారు. గొయ్యి వాళ్ళే తవ్వారు. కన్నీళ్ళు లేని చోటికి మన సహోదరుడు చేరాడన్నారు పాస్టరు గారు. నేను గుప్పెడు మట్టి వేశాను.

చేరాడు. ఒక్కడే. ఉండనీ.

మార్చి 10, ఆదివారం

ప్రార్థన కూటం అయ్యాక పాస్టరు గారు నన్ను ఆపారు. తండ్రిని నడిపించావు, నువ్వెప్పుడు తీసుకుంటావు బాప్తిస్మం అని అడిగారు. నేను తీసుకోనన్నాను. మా అమ్మ ఎక్కడుందో నేనూ అక్కడికే అన్నాను.

"అందుకే కదా తీసుకోమంటున్నాను" అన్నారు.

నాకు తిక్క రేగింది. "అమ్మకి సోటు లేదన్నది మీరే కదండి. బాప్తిస్మం లేదని. మర్సిపోయేరా?"

ఆయన చేతిలో మైకు వైరు చుడుతున్నారు, చుట్టడం ఆపేశారు.

"దిలీప్, ఆ రోజు చోటివ్వనిది నేను. దేవుడు కాదు. మీ నాన్న గారు కర్ర పట్టుకుని వీధి చివర నిలబడ్డారు. పాతిపెడితే మందిరం తగలబెడతానన్నారు. పెద్దలు భయపడ్డారు, నేను వాళ్ళకంటే ఎక్కువ భయపడ్డాను. బాప్తిస్మం అని వంక చెప్పాను. అప్పటి నుంచి ఆ మాట నన్ను తింటూనే ఉంది."

"మరి ప్రతి వారం మైకులో సెప్తారు కదండి, మునగనోళ్ళకి లేదని."

"అది బతికున్నవాళ్ళకి చెప్పేది బాబూ, కాళ్ళు బాగుండి కూడా రానివాళ్ళకి. ఆవిడ బయల్దేరింది. తాళం వేసి ఆపారు. తాళం వేసినంత మాత్రాన దేవుడు వదిలేస్తాడా? అచ్చియ్యమ్మ గారు ఎప్పుడో చేరిపోయారు. అందులో నాకు అనుమానం లేదు."

ఆయన నా భుజం మీద చెయ్యి వేశారు. ఇప్పుడు మీ నాన్న గారూ చేరారు, నీ వల్లే, ఇద్దరూ ఒకచోట ఉన్నారు, సంతోషించు అన్నారు.

అదే రోజు

ఇద్దరూ ఒకచోట.

నాలుగేళ్ళు. ఈ నాలుగేళ్ళూ ఆవిడ వెలుగులో ఉంది. ఎవరూ తలుపు వేయలేదు. ఎవరూ జుట్టు పట్టుకోలేదు. కాలిన చెయ్యి బాగై ఉంటుంది, కుడిచేత్తోనే తింటూ ఉంటుంది. ఎక్కడా అడుగుల చప్పుడు వినిపించక, భయపడడం ఎలాగో కూడా మరిచిపోయి ఉంటుంది.

ఆయన తనంతట తను వెళ్ళనన్నాడు. రెండుసార్లు అన్నాడు. కడిగి, తెల్లబట్ట చుట్టి, కాలరు మీంచి వేళ్ళు ఒక్కొక్కటే విప్పి నేనే పంపాను. అక్కడికి చేరేవాడు పాత మనిషి కాదట, అన్నీ కడుక్కుపోయి కొత్తవాడై వెళ్తాడట, పాస్టరు గారు గేటు దాకా వచ్చి మరీ చెప్పారు. కావచ్చు. నాకు తెలిసింది పాతవాడే.

అమ్మా, తలుపు తీయకు.